పైథాన్ 2 నుండి పైథాన్ 3 కు

మనుష్యులు మాటలాడు భాష మారినను, పాత మాటను విన్నవారు సందర్భమునుబట్టి అర్థము గ్రహింతురు. కంప్యూటరుకు ఆ నేర్పు లేదు. ప్రోగ్రామును వ్రాసిన భాషలో నియమము మారినచో, నిన్న సరిగా నడచిన ప్రోగ్రాము నేడు ఆగిపోవచ్చును. లేదా తప్పు ఫలితము నీయవచ్చును.

వెబ్‌సైట్లను నడుపు ప్రోగ్రాములను వ్రాయుటకు విరివిగా వాడు భాషలలో పైథాన్ ఒకటి. నెదర్లాండ్సుకు చెందిన గైడో వాన్ రాసమ్ దానిని 1991 లో వెలువరించెను. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 కొన్ని పాత నియమములను బుద్ధిపూర్వకముగా విడిచినది. 2020 జనవరి 1 తో పైథాన్ 2 పోషణ ముగిసినది. అటుపిమ్మట బయటపడు భద్రతా లోపములను దాని నిర్మాతలు సవరింపరు. కావున పాత ప్రోగ్రాములను మార్చుట తప్పనిసరి యైనది.

ఈ మార్పులలో ముఖ్యమైనవి మూడు విధములు. మొదటిది కంటికి కనబడునది. పాత భాషలో ‘ప్రింట్’ అను ఆజ్ఞకు కుండలీకరణములు అక్కరలేదు. క్రొత్తదానిలో అవి లేనిచో ప్రోగ్రాము మొదలే కాదు. ఇట్టివానిని దిద్దుటకు ‘టు టు త్రీ’ అను సాధనమును పైథాన్ నిర్మాతలే ఇచ్చిరి.

రెండవది అక్షరములకు సంబంధించినది. ‘తెలుగు’ అను మాటలో యూనికోడు లెక్కన మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, వెరసి 6 సంకేతములు కలవు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు కాగా, మొత్తము 18 బైట్లు. మామూలుగా దాచిన ఈ మాట పొడవు అడిగిన, పైథాన్ 2 పద్దెనిమిది అనును. పైథాన్ 3 ఆరు అనును. పాత పద్ధతిలో ఒక పేరును 10 బైట్లకు కత్తిరించినచో కోత సరిగా ఒక సంకేతము నడుమ పడి, ఆ పేరు చెడును. క్రొత్త భాష అక్షరములను, బైట్లను వేరుచేసినది. రెంటిని కూడబోయిన వెంటనే తప్పని చెప్పును.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరము. 500 రూపాయలను ముగ్గురికి పంచుటకు 500 ను 3 చే భాగించినచో, పైథాన్ 2 లో 166 వచ్చును. పైథాన్ 3 లో 166.66… వచ్చును. ప్రోగ్రాము ఆగదు, హెచ్చరికయు రాదు. పై సాధనము కూడ దీనిని దిద్దదు. ఏలయన, భాగింపబడు సంఖ్యలు పూర్ణాంకములో కావో వ్రాతను చూచినంత మాత్రమున తెలియదు. పాత ఫలితమే కావలెనన్నచో భాగహార చిహ్నమగు ఏటవాలు గీతను రెండుమారులు వ్రాయవలెను.

కావున భాషను మార్చుటకు ముందే పరీక్షలు సిద్ధము చేయవలెను. జవాబు తెలిసిన లెక్కలను, తెలుగు పేర్లను రెండు భాషలలోను నడిపి ఫలితములను పోల్చవలెను. ఆగిపోయిన ప్రోగ్రామును ఎవరైనను గమనింతురు. తప్పు లెక్క చెప్పుచు నడచుదానిని పరీక్షలే పట్టగలవు.