వాడరేవు బీచ్‌లో లగ్జరీ ఈవీ వెనక అద్దం పగిలితే? అక్కడికక్కడే వేయించేయకండి!

శని, ఆదివారాల్లో చీరాల దాటి వాడరేవు వైపు వెళ్లండి. సరుగుడు తోటల పక్కన పార్క్ చేసిన కార్లలో పచ్చ నంబర్ ప్లేట్లు కూడా కనిపిస్తాయి. కొందరివి బెంజ్ ఈక్యూఎస్‌లు, బీఎండబ్ల్యూ ఐ4లు, కియా ఈవీ6లు. రామాపురం రిసార్టులో ఒక రాత్రి, పొద్దున్నే పడవలు రాగానే రేవులో చేపలు, మధ్యాహ్నానికి రిటర్న్. ప్లాన్ ఇంతే.

ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. ఐస్‌లో పెట్టిన చేపల డబ్బా, వాలీబాల్ నెట్టు ఇనుప రాడ్లు, చెప్పులు, తడి బట్టలు అన్నీ డిక్కీలో కుక్కారు. బటన్ నొక్కారు. డోర్ దానంతటదే మెల్లగా దిగింది. రాడ్డు కొస అద్దానికి లోపలివైపు తగిలింది. ఢాం! నిమిషం క్రితం వరకు అద్దం ఉన్న చోట ఇప్పుడు సముద్రం డైరెక్టుగా కనిపిస్తోంది. డిక్కీ నిండా పటికబెల్లం ముక్కల్లాంటి గాజు.

"అడ్డం వస్తే డోర్ ఆగిపోవాలి కదా" అంటారా? ఆగుతుంది. కానీ మోటార్‌కి ఆ సంగతి తెలిసేలోపే అద్దానికి తెలిసిపోతుంది.

ముందు అద్దం బీటలు.. వెనకది ముక్కలు

ముందు అద్దానికి రాయి తగిలితే సాలెగూడులా బీట పడుతుంది కానీ ఊడి పడదు. ఎందుకంటే అది రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన ల్యామినేటెడ్ గ్లాస్. 1903లో ఫ్రాన్స్‌లో ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఆయన ల్యాబ్‌లో కింద పడిన గాజు కుప్పె పగిలినా ముక్కలు విడిపోకపోవడం చూసి కనిపెట్టింది ఇది. కుప్పె లోపల ఎండిపోయిన సెల్యులోజ్ పొర ముక్కల్ని పట్టుకుని ఉంచిందన్నమాట.

వెనక అద్దం కథ వేరు. చాలా కార్లలో అది టఫెండ్ గ్లాస్. అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత. అందుకే పైపొర ఎప్పుడూ నొక్కుకుని, లోపలి భాగం ఎప్పుడూ లాక్కుని ఉంటాయి. అరచేత్తో గట్టిగా కొట్టినా ఏమీ కాదు. కానీ ఇనుప మొన లాంటిదేదైనా ఆ పైపొరని దాటిందా, లోపల బిగబట్టిన శక్తి అంతా ఒకేసారి బయటికొస్తుంది. అద్దం మొత్తం చిన్న చిన్న ముక్కలు. పెద్ద పెంకులు మనల్ని కోసేయకుండా కావాలనే చేసిన ఏర్పాటు ఇది. అంచులు మరీ వీక్. నడిమధ్యన తట్టుకునే దెబ్బ అంచు మీద పడితే తట్టుకోదు.

కాబట్టి ఒక విషయం ముందే ఫిక్స్ అయిపోండి. ముందు అద్దం మీద చిన్న చుక్క పడితే రెజిన్ నింపి సరిచేస్తారు. వెనక అద్దానికి రిపేర్ అనే మాటే లేదు. మార్చాల్సిందే.

ఈవీల్లో ఇంకాస్త తిప్పలు

బ్యాటరీ ఎక్కువ దూరం రావాలంటే గాలి కారుని తక్కువగా అడ్డుకోవాలి. అందుకే చాలా ఈవీలకి పైకప్పు వెనక్కి జారుతూ వస్తుంది. దాంతో వెనక అద్దం పెద్దదవుతుంది, బాగా పడుకుని ఉంటుంది. ఐ4, ఈక్యూఎస్, ఈవీ6ల్లో డిక్కీ డోర్‌తో పాటే అద్దమూ పైకి లేస్తుంది. అంటే డోర్ వేసిన ప్రతిసారీ ఆ కుదుపు అద్దానికీ, దాన్ని పట్టుకున్న గమ్‌కీ తగులుతుంది. ఐ7 లాంటి సెడాన్లలో అద్దం బాడీకే అతికి ఉంటుంది, డిక్కీ మూత వేరు. డాలస్‌లో ఉన్న మీ కజిన్‌ని టెస్లా మోడల్ 3 గురించి అడగండి. దాని వెనక అద్దం వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నెత్తిమీద దాకా వస్తుంది. పోల్‌స్టార్ 4 వాళ్లయితే ఈ గొడవంతా ఎందుకని వెనక అద్దమే తీసేసి కెమెరా పెట్టేశారు.

ఇక ఆ అద్దం మీద కనిపించే సన్నటి గీతలు డిజైన్ కాదు. డీఫాగర్ తీగలు. డిసెంబర్ తెల్లవారుజామున 216 హైవే మీద మంచులో వచ్చినవాళ్లకి వాటి విలువ తెలుసు. కొన్ని మోడళ్లలో యాంటెన్నా కూడా ఆ గీతల్లోనే ఉంటుంది. ఒకే మోడల్‌లో కూడా వేరియంట్‌ని బట్టి రంగు, యాంటెన్నా, కనెక్టర్లు మారిపోతాయి. అందుకే ఫోన్‌లో "బ్లూ కలర్ కారండీ" అని చెప్తే లాభం లేదు. ఆర్సీ మీదున్న ఛాసిస్ నంబర్ చెప్పండి.

స్టాక్ సంగతి కూడా ముందే అడగండి. పెనుకొండలో కియా ఫ్యాక్టరీ ఉంది కదా, ఈవీ6 అద్దం రేపటికల్లా వచ్చేస్తుందని అనుకోవద్దు. ఈవీ6 మనకి విదేశంలోనే పూర్తిగా తయారై దిగుమతి అయిన కారు. అద్దం గోడౌన్‌లో ఉంటే రోజుల్లో పని, లేకపోతే వారాలు పట్టొచ్చు.

మొదటి గంటలో..

పిల్లల్ని, చెప్పులు లేనివాళ్లని దూరంగా పంపండి. ఏమీ ముట్టుకోకముందే ఫొటోలు, వీడియో తీయండి. నంబర్ ప్లేటు, పగిలిన అద్దం ఒకే ఫ్రేమ్‌లో రావాలి. తర్వాత చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని పెద్ద ముక్కలు తీసేయండి. అంచుల్లో వేలాడుతున్నవాటిని పీకొద్దు, కింద పెయింట్ గీసుకుపోతుంది. ఎందుకు వద్దంటున్నానో కాసేపట్లో చెప్తా.

చీరాలలో హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే మందపాటి ప్లాస్టిక్ షీటు, మాస్కింగ్ టేపు దొరుకుతాయి. బ్రౌన్ ప్యాకింగ్ టేపు మాత్రం పెయింట్ మీద వేయకండి. ఎండకి దాని జిగురు పట్టుకుని వదలదు.

ఒక విషయంలో ఈవీ వాళ్లు అదృష్టవంతులు. పెట్రోల్, డీజిల్ కారుకి వెనక అద్దం లేకుండా నడిపితే, కారు వెనక ఏర్పడే గాలి సుడి సైలెన్సర్ పొగని లోపలికి లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన కూడా రాదు. ఈవీకి సైలెన్సరే లేదు కాబట్టి ఆ భయం లేదు. దుమ్ము మాత్రం బాగా వస్తుంది. గాలి అడ్డం పెరిగి రేంజ్ కూడా తగ్గుతుంది. స్పీడ్ తగ్గించండి, దారిలో ఛార్జింగ్‌కి ఒక స్టాప్ ఎక్కువ వేసుకోండి.

ఆ రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే కారుని సముద్రానికి వీలైనంత దూరంగా, పైకప్పు కిందకి చేర్చండి. వర్షం ఒక్కటే శత్రువు కాదు. ఉప్పుగాలి కూడా.

అసలు మ్యాటర్ గమ్‌లో ఉంది

వాడ అంటే పాత తెలుగులో ఓడ. పేరులోనే రేవు ఉన్న ఊరు. ఇక్కడి బైకుల చెయిన్లు, ఇళ్ల గేట్లు చూస్తే ఉప్పుగాలి ఏం చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అలల తుంపర గాలిలో ఆరిపోయి సన్నటి ఉప్పు పొడిగా మిగులుతుంది. అది ఎక్కడ వాలితే అక్కడ గాలిలోని తేమని లాక్కుంటుంది. పెయింట్ బాగుంటే పర్వాలేదు. పెయింట్ మీద గీత పడి ఇనుము బయటపడిందా, తుప్పు మొదలు.

ఇప్పుడు అద్దం ఎలా అతికిస్తారో చూడండి. పాత రోజుల్లోలా రబ్బరు బీడింగ్‌లో నొక్కి పెట్టడం కాదు. పాలీయురేథేన్ గమ్‌తో బాడీకి అతికిస్తారు. పగిలిన అద్దం తీశాక అంచు చుట్టూ పాత గమ్ మిగులుతుంది. దాన్ని ఇనుము దాకా గీకేయకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర వదిలి, దాని మీదే కొత్త గమ్ వేయాలి. ఆ పాత పొర పెయింట్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి అంతకంటే మంచి పునాది దొరకదు. తొందరలో బ్లేడుతో బరబరా గీకేసి, పడిన గీతలకి ప్రైమర్ కూడా వేయకుండా అద్దం పెట్టేస్తే ఆ రోజుకి అంతా బాగానే కనిపిస్తుంది. తుప్పు అద్దం కింద, గమ్ చాటున మెల్లగా పాకుతుంది. కొంతకాలానికి డిక్కీ కార్పెట్ కింద తడి. ఈవీలో డిక్కీ చుట్టూ వైర్లు, కనెక్టర్లు, కంట్రోల్ బాక్సులు ఉంటాయి. అక్కడ నీళ్లు చేరితే వచ్చే బిల్లు ముందు అద్దం బిల్లు చిన్నదే.

ఇందులో ఓ తమాషా ఉంది. ఈ గమ్ గట్టిపడటానికి కావాల్సింది గాలిలోని తేమే! తేమ తగిలేకొద్దీ పైనుంచి లోపలికి గట్టిపడుతూ వెళ్తుంది. ఆ లెక్కన వాడరేవు గాలి గమ్‌కి మంచిదే. కానీ అతికించాల్సిన చోట ఉప్పు పొర గానీ, మంచు తడి గానీ, ఇసుక గానీ ఉంటే గమ్ బాడీని పట్టుకోదు, ఆ మురికిని పట్టుకుంటుంది. పైగా ఎండలో గమ్ పైన త్వరగా పొర కట్టేస్తుంది. అద్దాన్ని కొన్ని నిమిషాల్లోనే ఇద్దరు పట్టుకుని సరిగ్గా కూర్చోబెట్టాలి. బీచ్ పార్కింగ్‌లో, ఈదురుగాలిలో ఇది అయ్యే పని కాదు.

అందుకే చెప్పేది: "సార్, ఇక్కడికే వచ్చి గంటలో వేసేస్తాం" అని ఎవరైనా అంటే థ్యాంక్స్ చెప్పి పంపేయండి. వాళ్లకి పని రాదని కాదు. చోటు సరైంది కాదు. నాలుగు గోడల మధ్య, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టిన కారుకి చేయాల్సిన పని ఇది. చీరాలలోనో గుంటూరులోనో మంచి షెడ్ ఉండి, మీ కారుకి సరైన అద్దం తెప్పించి, ప్రైమర్ వాడేవాళ్లయితే నిక్షేపంగా ఇవ్వొచ్చు. కంపెనీ షోరూమ్ బోర్డు ఒక్కటే గ్యారంటీ కాదు. కారు ఇచ్చేముందు ఒకే ప్రశ్న అడగండి: "గీత పడితే ఏ ప్రైమర్ వేస్తారన్నా?" సమాధానం చెప్పడానికి తడుముకుంటే మీకు అర్థమైపోతుంది.

క్లెయిమ్ చేయాలా, జేబులోంచి కట్టాలా?

సొంత డ్యామేజ్ కవర్ ఉన్న పాలసీలో అద్దం వస్తుంది. మామూలుగా ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి తరుగుదల కింద 50 శాతం కోస్తారు. గాజుకి మాత్రం తరుగుదల సున్నా. తుపాను దెబ్బ కూడా ఇందులోకే వస్తుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది కాబట్టి ఈ తీరంలో ఇది మాటవరసకి చెప్పే సంగతి కాదు. ఏదైనా రిపేర్ మొదలెట్టకముందే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పాలి. అద్దం వేయించేసి తర్వాత బిల్లు పంపితే పేచీ పెడతారు.

కానీ ఆగండి. క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఆ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 దాకా వెళ్తుంది. లగ్జరీ కారుకి ప్రీమియం ఎక్కువ కాబట్టి ఇక్కడే లెక్క తిరగబడొచ్చు. ఊరికే ఉదాహరణకి, మీ సొంత డ్యామేజ్ ప్రీమియం లక్ష రూపాయలు, బోనస్ 50 శాతం అనుకోండి. క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌లో 50 వేలు ఎక్స్‌ట్రా కట్టాలి, ఆ తర్వాతి ఏడాది బోనస్ మళ్లీ 20 నుంచే. అద్దం ఖర్చు 40 వేలైతే క్లెయిమ్ చేసి నష్టపోయినట్టే. లక్ష దాటితే క్లెయిమే మేలు. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకున్నారా, గ్లాస్ క్లెయిమ్‌కి మినహాయింపేమైనా ఉందా అని పాలసీ పీడీఎఫ్ ఓపెన్ చేసి చూడండి. ఆ పీడీఎఫ్ వాట్సాప్‌లోనే ఎక్కడో ఉంటుంది, వెతకండి.

బిల్లులో "ఏడాస్ క్యాలిబ్రేషన్" అని కనిపిస్తే ఎందుకో అడగండి. అది సాధారణంగా ముందు అద్దానికి ఉండే కెమెరా పని. వెనక అద్దం మార్చినప్పుడు అద్దం దగ్గర కెమెరా ఏదైనా విప్పితేనే దాని అవసరం రావచ్చు.

కొత్త అద్దం మూలలో ముద్ర చూడండి. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అనే నంబరు ఉండాలి. పనిలో పనిగా బ్లాక్ ఫిల్మ్ వేయించేద్దాం అనే ఐడియా వద్దు. రూల్ ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫిల్ముల మీద గట్టి తీర్పే ఇచ్చింది. తర్వాత ఫిల్ముల రూల్ కాస్త మారినా 70 శాతం గీత అలాగే ఉంది.

కారు తీసుకునేటప్పుడు డీఫాగర్ ఆన్ చేసి గీతల మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చబడాలి. రేడియో, పైనున్న బ్రేక్ లైటు, రివర్స్ కెమెరా పనిచేస్తున్నాయా చూడండి. డిక్కీ కార్పెట్ ఎత్తించి, సీట్ల సందుల్లో, సీటుబెల్టు గూళ్లలో గాజు మిగిలిందేమో వ్యాక్యూమ్ పెట్టించండి. గమ్ ఆరడానికి ఎంతసేపు పడుతుందో ట్యూబు మీదున్న టైమ్ అడగండి. అంతవరకు నడపొద్దు. ఆ తర్వాత కూడా ఒకటి రెండు రోజులు డోర్లు గట్టిగా వేయకండి, ఒక కిటికీ రెండు వేళ్లంత దించి ఉంచండి. డోర్ వేసినప్పుడు లోపలి గాలి పచ్చి గమ్‌ని బయటికి తోస్తుంది. ప్రెషర్ వాష్ ఆ రెండు రోజులూ బంద్. మూడో రోజు మామూలు పైపుతో అద్దం అంచు చుట్టూ నీళ్లు పోసి, ఒకరిని డిక్కీలో టార్చ్ లైటుతో కూర్చోబెట్టండి. చుక్క కనిపిస్తే ఆ రోజే కారు వెనక్కి పట్టుకెళ్లండి.