తోక ఊపని కుక్క

కుక్క తోక వంకర అని మనవాళ్లు తరతరాలుగా అంటూనే ఉన్నారు గానీ, ఆ తోక ఎటు ఊగుతుందో చూసిన సామెత ఒక్కటీ లేదర్రా. ఆ పని ఇటలీవాళ్లు చేశారు. బారి అనే ఊళ్లో 2007లో ముప్పై పెంపుడు కుక్కల్ని తెచ్చారు. పైన కెమెరా పెట్టి, ఒక్కోదానికి ఎదురుగా ఒకసారి యజమానిని, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషిని, ఒకసారి పిల్లిని, ఒకసారి పెత్తనం చేసే రకం కుక్కని చూపించారు. యజమాని కనబడితే తోక కుడివైపుకి ఎక్కువ ఊగింది. ఆ పెత్తందారు కుక్క కనబడితే ఎడమవైపుకి మొగ్గింది. శరీరంలో కుడి పక్కని నడిపేది ఎడమ మెదడు. దగ్గరికి పోదామనే బుద్ధి ఎడమ సగంలోనూ, వెనక్కి తగ్గుదామనే బుద్ధి కుడి సగంలోనూ ఎక్కువగా పుడుతుందని వాళ్లు దానికి అర్థం చెప్పారు.

మరి తోక అసలు ఊగకపోతే?

మా మనవరాలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. అక్కడో షెల్టర్ నుంచి ఒక ఆడకుక్కని పెంపకానికి తెచ్చుకుంది. మూడేళ్లుంటాయన్నారు. ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారని దాన్ని వెంటబెట్టుకొని మా ఊరు నూజెండ్ల వచ్చింది. కారు దిగీ దిగగానే ఆ కుక్క వసారాలో నా మంచం కిందకి దూరింది. తోక కుడికీ లేదు, ఎడమకీ లేదు, వెనక కాళ్ల మధ్యకి పోయింది. పిల్ల ఊరుకుంటుందా? బిస్కెట్లు పెట్టింది, మంచం కిందకి తల దూర్చి ముద్దు చేసింది, పేరు పెట్టి పిలిచిందే పిలిచింది. పొద్దుగూకేసరికి, "దీనికి నేనంటే ఇష్టం లేదు తాతయ్యా" అని మూతి ముడుచుకుంది. ఇంతలో పక్కింటాయన వచ్చి ఎంతకి కొన్నారని అడిగాడు. కొనలేదంటే, "అయితే జాతి కుక్క కాదా!" అని పెదవి విరిచాడు. బడిలో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇద్దరికీ కలిపి ఒక పాఠం చెప్పక తప్పింది కాదు.

ముందు పక్కింటాయన సంగతి. 1957 నవంబరు 3న రష్యావాళ్లు స్పుత్నిక్-2లో పంపిన లైకా ఎవరనుకున్నారు? మాస్కో వీధుల్లో పట్టుకొచ్చిన ఊరకుక్క. భూమి చుట్టూ తిరిగిన మొట్టమొదటి ప్రాణి అదే. చలికీ ఆకలికీ తట్టుకొని బతికినదైతేనే ఆ ప్రయాణానికి ఆగుతుందని వాళ్లు ఏరి ఏరి వీధికుక్కల్నే తీసుకున్నారు. వీధిలో బతకడమంటే మాటలు కాదు మరి. కోల్‌కతాలో ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర అనే ఆవిడ బృందం ఏళ్ల తరబడి వీధికుక్కల వెంట తిరిగి లెక్కలు రాస్తోంది. 2016లో వాళ్లు చెప్పిన లెక్క: 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లల్లో ఈడుకొచ్చేదాకా మిగిలినవి వందకి 19. పోయినవాటిలో వందకి 63 ఏదో ఒక రకంగా మనుషుల వల్లే పోయాయి. కాబట్టి అమ్మాయ్, మీ కుక్కకి మనిషంటే బెదురుంటే దానికి బుర్ర ఉన్నట్టే లెక్క.

ఇక ఇష్టం సంగతి. ఇష్టం కన్నా ముందు దాని రక్తంలో ఏముందో చూడాలి. భయపడ్డ ఏ ప్రాణికైనా మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ వదులుతాయి. అమెరికాలో రైట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ హెనెస్సీ బృందం షెల్టర్‌కి వచ్చిన కుక్కల రక్తం పరీక్షించి, 1997లో ఫలితం చెప్పింది: చేరిన మొదటి మూడు రోజులు కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉంది, ఆ తర్వాత దిగింది. నరసరావుపేటలో హాస్టల్లో కొత్తగా దింపొచ్చిన పిల్లాణ్ణి చూశారుగా? మొదట అన్నం సయించదు, నిద్ర పట్టదు, వార్డెన్ ఎంత మంచివాడైనా సరే వాడి మొహం చూడబుద్ధి కాదు. ఆ పిల్లాడి మీద పడి ముద్దులు పెట్టుకుంటే ఏడుపు ఎక్కువవుతుందా, తగ్గుతుందా? షెల్టర్‌లో ఒకసారి, మీ ఫ్లాట్‌లో ఒకసారి, ఇప్పుడు నూజెండ్లలో ఇంకోసారి చోటు మారింది దీనికి. ఒక మూల చూపించి, అక్కడ గోనెపట్టా పరిచి, నీళ్లు పెట్టి, దాని మానాన దాన్ని వదిలెయ్యి.

భయం ఎంత లోతుగా దిగుతుందో పావ్‌లోవ్ కుక్కలు చెప్తాయి. తిండి వేళకి శబ్దం చేసి, తర్వాత శబ్దానికే కుక్క నోట్లో నీళ్లూరేటట్టు చేసిన రష్యా శాస్త్రవేత్త ఆయన. (1904లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది దీనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి.) 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ని వరద ముంచెత్తింది. ప్రయోగశాల కుక్కల గూళ్లలోకి నీళ్లొచ్చాయి. గూటి పైకప్పు దాకా ముట్టెలు ఎత్తి ఈదుతుంటే పనివాళ్లొచ్చి బయటికి లాగారు. ప్రాణాలు దక్కాయి గానీ, కొన్ని కుక్కలు అన్నాళ్లూ నేర్చుకున్నదంతా మర్చిపోయాయి. ఓపిగ్గా మళ్లీ నేర్పి, కుదుటపడ్డాయనుకున్నాక ఒకరోజు తలుపు సందులోంచి గదిలోకి సన్నగా నీళ్లు వదిలారు. అంతే, మళ్లీ మొదటికొచ్చింది.

మా ఇంటికొచ్చినదానికి చీపురంటే భయం. మా ఇంటావిడ వాకిలి ఊడవడానికి చీపురు తీస్తే చాలు, గోడకి కరుచుకుపోయేది. ఎవరు కొట్టారో, ఎన్నిసార్లు కొట్టారో మనకెందుకు? చీపురు దూరంగా గోడకి ఆనించి, ఇవతల అన్నం పెట్టాం. రోజూ ఆ గిన్నెని జానెడు జానెడు చీపురు వైపుకి జరిపాం. తినకపోతే ఆ రోజుకి వెనక్కి తెచ్చాం. పావ్‌లోవ్ సూత్రమే ఇదీ, తిరగేసి వాడుకున్నాం. చీపురు కనబడితే అన్నం వస్తుందని దాని మెదడుకి అలవాటైతే పాత జ్ఞాపకం పోకపోయినా దాని పెత్తనం తగ్గుతుంది.

తిండితో కొనేద్దామనుకోకండి సుమా. అనిందితా భద్ర బృందమే 2017లో ఇంకో సంగతి రాసింది. వీధికుక్కలకి తెలియని మనిషి ఒకరు వచ్చి రోజూ కొన్నిటికి అదనంగా తిండి పెట్టాడు, కొన్నిటికి తల నిమిరాడు. రోజులు గడిచేకొద్దీ మనిషిని ఎక్కువ నమ్మి దగ్గరికి వచ్చినవి తల నిమిరించుకున్నవే. అయితే నిమరడానికీ వేళ ఉంటుంది, అది మన వేళ కాదు, కుక్క వేళ. ఎదురుగా నిలబడి వంగొద్దు. పక్కకి తిరిగి కింద కూర్చో. కళ్లలోకి చూడకు. అదే వచ్చి చెయ్యి వాసన చూస్తే గదవ కిందా, మెడ పక్కనా నిమురు. నెత్తి మీదుగా చెయ్యి చాపితే దానికి దెబ్బే గుర్తొస్తుంది. కౌగిలింతలు సినిమాల్లో కుక్కలకి సరే.

కళ్లలోకి చూడొద్దన్నాను గదా, అది మొదట్లోనే. జపాన్‌లో అజాబు విశ్వవిద్యాలయంలో మిహో నాగసావా, తకెఫుమి కికుసుయి బృందం 2015లో చూపించిందేమిటంటే, నమ్మకం కుదిరిన కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుంది. తల్లికీ పసిబిడ్డకీ మధ్య పనిచేసే హార్మోనే అది. మనుషులు పెంచిన తోడేళ్లలో ఈ వరస కనబడలేదు. అందుకే నేననేది, ముందు నమ్మకం, ప్రేమ దాని వెనకాల అదే వస్తుంది.

తిండి సంగతికొస్తే, కుక్కకి మాంసం తప్ప గతి లేదనుకునేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకి రెండు ప్రతులే ఉంటాయి. కుక్కలో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని స్వీడన్‌లో ఎరిక్ ఆక్సెల్‌సన్ బృందం 2013లో లెక్క తేల్చింది. మనిషి పక్కన చేరి, మనిషి కూడు తిని తిని వచ్చిన మార్పు. కాబట్టి జొన్నన్నమో పెరుగన్నమో, పక్కన ఉడికించిన గుడ్డో కోడిమాంసమో పెడితే బతికిపోతుంది. మిగిలిన పులుసు మాత్రం పొయ్యొద్దు. అందులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లీ వెల్లుల్లీ కుక్క ఎర్రరక్తకణాల్ని పగలగొడతాయి. ద్రాక్ష మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్‌ని అది త్వరగా బయటికి పంపలేదు. ఉడికిన కోడి ఎముక పేళ్లుగా చీలి పేగుకి గుచ్చుకుంటుంది. ఒళ్లు వెచ్చగా ఉందని మన పారాసిటమాల్ బిళ్ల సగం విరిచి వేసే మహానుభావులున్నారు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. ఆ బిళ్ల దానికి విషం.

వేడి అంటే గుర్తొచ్చింది, లైకా కథ చివర చెప్పలేదు. వారం బతికిందని చాలా ఏళ్లు నమ్మించారు. 2002లో అసలు సంగతి బయటికొచ్చింది. ఎగిరిన కొన్ని గంటలకే గదిలో వేడి పెరిగి, ఆ వేడికే చచ్చిపోయింది. దానికి శిక్షణ ఇచ్చినవాళ్లలో ఒకడైన ఒలేగ్ గజెంకో, ఆ చావుకి సరిపడా మనం ఏమీ నేర్చుకోలేదని 1998లో బాధపడ్డాడు. కుక్కకి చెమట పట్టేది పాదాల అడుగునే, మిగతా వేడంతా నాలుక బయటపెట్టి రొప్పి పోగొట్టుకోవాలి. రెంటచింతల ఎండ గురించి రేడియోలో విన్నవాళ్లకి వేరే చెప్పాలా, మన నూజెండ్ల కూడా అదే జిల్లాలోదేగా. వేసవిలో నడక తెల్లవారుజామునో, చీకటి పడ్డాకో. సిమెంటు రోడ్డు మీద అరచెయ్యి తిరగేసి ఆనించు, నువ్వు తాళలేకపోతే అదీ తాళలేదు. మరీ రొప్పుతూ తూలుతుంటే నీడకి చేర్చి, పొట్టకీ కాళ్లకీ మామూలు నీళ్లు పోసి, డాక్టరు దగ్గరికి పరిగెత్తు. మిర్చి ఎండే రోజుల్లో కల్లం గాలికి దూరంగా కట్టెయ్యి. మనకే తుమ్ములాగవు, దాని ముక్కు మనకన్నా ఎన్నో రెట్లు చురుకైంది.

గోమార్లు, వీటినే కొందరు పిడుదులంటారు, ఒళ్లంతా పడితే దురద ఒక్కటే కాదు బాధ. అవి నెత్తురు తాగుతూ ఎర్లీషియా, బబేసియా అనే క్రిముల్ని లోపలికి పంపుతాయి. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి నీరసపడితే అదేనేమో చూపించాలి. గజ్జి పట్టిన కుక్కకి లారీ షెడ్డులో కాలిన ఇంజిన్ ఆయిల్ పూసే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. అది చర్మాన్ని కాలుస్తుంది, నాక్కుంటే లోపలికి పోయి కాలేయాన్ని చెడగొడుతుంది. పశువుల డాక్టరు రాసిచ్చే మందుతో పోయే గజ్జికి ఇంత హింస ఎందుకు?

జబ్బు పడ్డ కుక్కని చూసుకోవడం ఈనాటి పట్నం పిల్లల సరదా అనుకుంటున్నారేమో. జర్మనీలో బాన్ దగ్గర ఓబెర్‌కాసెల్‌లో 1914లో ఒక పాత సమాధి బయటపడింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో ఒక కుక్కపిల్ల. దాదాపు 14,000 ఏళ్ల నాటిది. ఆ కుక్కపిల్ల పళ్లని ఈమధ్య పరీక్షించి, దానికి డిస్టెంపర్ అనే జబ్బు సోకిందని తేల్చారు. వారాల తరబడి మంచాన పడ్డ ఆ పిల్లకి, ఎవరో నీళ్లు తాపి శుభ్రం చేస్తే తప్ప అన్నాళ్లు బతికే దారి లేదు. పనికొచ్చే కుక్క కాదు, పిల్ల కుక్క, అదీ రోగిష్టిది. అయినా చూసుకున్నారు. ఇప్పుడు డిస్టెంపర్‌కి టీకా ఉంది, పార్వోకి ఉంది, రేబిస్‌కి ఉంది.

రేబిస్ దగ్గర మాత్రం ప్రేమకి మినహాయింపు లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది ఈ జబ్బుతో పోతున్నారు, నూటికి 99 మందికి అది కుక్క ద్వారానే వస్తుంది. కరిచిన చోటి నుంచి వైరస్ నరాల వెంట మెదడుకి పాకుతుంది. మెదడు చేరి లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. చేరేలోపు మాత్రం చాలాసార్లు వ్యవధి ఉంటుంది. వైరస్ ఒంటిమీద కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. అందుకే పసుపూ సున్నమూ కాదు, పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగమనేది. తర్వాత ప్రభుత్వాసుపత్రికి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని ఇప్పటికీ జడుసుకునేవాళ్లున్నారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకా, మన దేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడు భుజానికి చిన్న సూదులే: మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. రక్తం కారే గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడగాలి.

దిక్కులేని కుక్కల్ని చేరదీసే చోట్లు పట్నాల్లో ఉన్నాయి. హైదరాబాదులో సినీనటులు అమల, నాగార్జున 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది. విశాఖలో వీఎస్‌పీసీఏ 1996 నుంచి ఉంది. నూజెండ్లలాంటి ఊళ్లో షెల్టర్ అంటే ఎవరో ఒకరి వాకిలే. ఢిల్లీ వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశంలో, దత్తత కావాలంటే తీసుకోండి, కానీ ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే పూచీ మీదేనని కూడా రాసింది. నా మట్టుకు నాకు అది న్యాయమైన మాట. మన ఊళ్లో చాలామంది రెండు ముద్దలు పడేసి "మా కుక్కే" అంటారు, అది ఎవరినైనా కరిస్తే "మాది కాదు" అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా, ఈ రెండూ చేయించినవాడే అది తనదనాలి.

ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసిన రోజు అది. ఆయన 1895 సెప్టెంబరు 28న కన్నుమూశాడు, అందుకే ప్రపంచ రేబిస్ దినం ఆ తేదీన చేస్తారు. మన వినుకొండలో కవి గుర్రం జాషువా పుట్టింది కూడా 1895 సెప్టెంబరు 28నే. జాషువా జయంతికి దండలు వేసి వచ్చాక, ఇంటి ముందున్న కుక్క టీకా కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. గడువు దాటిపోయి ఉంటే మర్నాడే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.