తుఫానుకు లోతే బలం

తుఫాను కబురు రాగానే జనం అడిగేది ఒకటే: సముద్రం ఎంత వేడెక్కింది? టీవీల్లోనూ నీటి పైపొర ఉష్ణోగ్రత చెప్పి ఊరుకుంటారు. 26.5 డిగ్రీలు దాటితే చాలు, తుఫాను ఎంతకైనా పెరుగుతుందన్న నమ్మకం అలా పాతుకుపోయింది. పైపొర వేడి ఒక్కటే చూస్తే తుఫాను ఎప్పుడు ముదురుతుందో తెలియదు.

తుఫాను సముద్రాన్ని కవ్వంలా చిలుకుతుంది. వెచ్చటి నీరు పైన పలచగా ఉంటే ఆ చిలుకుడికి కింది చల్లనీరు పైకొస్తుంది. తుఫానుకు బలమిచ్చే ఆవిరి తగ్గి అది నీరసిస్తుంది. వెచ్చదనం లోతు దాకా ఉంటే మాత్రం కవ్వం ఎంత తిరిగినా పైకొచ్చేది వెచ్చటి నీరే. నెమ్మదిగా కదిలే తుఫాను ఒకేచోట ఎక్కువసేపు చిలికి చల్లనీటిని అందుకుంటుంది. వడిగా సాగేది ఆ నీరు పైకి రాకముందే దాటిపోతుంది.

వెచ్చదనానికి ఈ లోతును తెచ్చిపెట్టేవి వెచ్చటి ప్రవాహాలు. కరీబియన్ సముద్రం నుంచి మెక్సికో సింధుశాఖలోకి వచ్చి, మెలిక తిరిగి, ఫ్లోరిడా పక్కగా బయటపడే లూప్ కరెంట్ అలాంటిదే. 2005 ఆగస్టులో ఆ సింధుశాఖ పైపొర చాలావరకు 30 డిగ్రీల దగ్గరే ఉంది. లూప్ కరెంట్ ఉన్నచోట మాత్రం 26 డిగ్రీలకు తగ్గని నీరు 100 మీటర్ల లోతు దాకా నిండి ఉంది. కత్రినా తుఫాను దాని మీదుగా వెళ్లి, 28వ తేదీకల్లా గంటకు 280 కిలోమీటర్ల గాలులకు చేరింది.

బంగాళాఖాతంలో చల్లనీరు పైకి రాకుండా ఆపడంలో మంచినీటి పాత్ర పెద్దది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది వర్షాకాలంలో కుమ్మరించే నీరు ఉప్పునీటికంటే తేలిక కాబట్టి పైనే పరుచుకుంటుంది. వానలు తగ్గాక తీరం వెంబడి దక్షిణానికి పారే ప్రవాహం దాన్ని ఆంధ్ర తీరానికి మోసుకొస్తుంది. ఆ తేలిక పొరను దాటి కవ్వం లోతుకు దిగలేదు. అందుకే మే నెల తుఫాన్ల వెనక నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంటే, అక్టోబరు, నవంబరు తుఫాన్ల వెనక ఉత్తర బంగాళాఖాతం పెద్దగా చల్లబడదు.

ప్రవాహాలు తుఫాన్లకు బలమిచ్చినట్టే, తుఫాన్లూ ప్రవాహాలను కుదుపుతాయి. 2016 అక్టోబరులో మాథ్యూ హరికేన్ తాకిడికి, లూప్ కరెంట్ బయటపడ్డాక సాగే ఫ్లోరిడా ప్రవాహం మందగించింది.

తుఫాను ముదరడం గంగమ్మ కోపమనీ గ్రహణ ఫలమనీ చెప్పేవాళ్ల మాట వినకండి. సముద్రంలో తేలియాడే ఆర్గో పరికరాలు 2,000 మీటర్ల దాకా మునిగి నీటి వేడిని కొలుస్తున్నాయి. ఎంత లోతు దాకా వేడి నిలవ ఉందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ లెక్కగడుతోంది. ఆ పటాలు వాతావరణ వార్తల్లో రోజూ కనిపించాలి. తుఫాను రాత్రికి రాత్రి ఎందుకు ముదురుతుందో తెలిసిన జాలరి, నిన్న అది చిన్నదిగా ఉందని ఇల్లు కదలకుండా కూర్చోడు.