పురుగుకి కుక్కర్ లేదు... అయినా పప్పు అరుగుతుంది!

పొద్దున్నే ఎస్.ఆర్. నగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా కుక్కర్ కూతలే. హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లకి, ఇళ్లల్లో బడికెళ్లే పిల్లలకి పప్పు సిద్ధమవుతూ ఉంటుంది. ఇంతకీ పప్పును ఎందుకు ఉడికిస్తాం? మెత్తబడటానికి అంటారా... అదొక్కటే కాదు. కందిగింజ వేసుకున్న తాళాన్ని తీయడానికి కూడా!

మాంసకృత్తుల్ని ముక్కలు చేయడానికి మన చిన్నపేగులో ట్రిప్సిన్ అనే ఎంజైము ఉంటుంది. పచ్చి కందిగింజలోని కొన్ని ప్రొటీన్లు దాన్ని పట్టుకుని పనిచేయనివ్వవు. పచ్చిపప్పు సరిగా అరగకపోవడానికి అదీ ఓ కారణం. ఉడికిస్తే ఈ నిరోధకాలు చాలావరకు నశిస్తాయి. మరి చేలో కాయ తొలిచే శనగపచ్చ పురుగుకి పొయ్యీ లేదు, కుక్కరూ లేదు. ఎలా అరిగించుకుంటుంది?

పొట్టలో మంత్రం

మన జీర్ణాశయంలో ఆమ్లం ఉంటే, ఈ పురుగు పేగులో గాఢమైన క్షారం ఉంటుంది. అందులో చురుగ్గా పనిచేసే ట్రిప్సిన్ తరహా ఎంజైములు దాని దగ్గర చాలా రకాలున్నాయి. గింజ ఒకదాన్ని అడ్డుకుంటే, అడ్డుకోలేని మరో రకాన్ని ఎక్కువగా తయారుచేసుకుంటుంది. వంటింట్లో అలసందలకు చిల్లులు పెట్టే పుచ్చు పురుగుది ఇంకో దారి. దాని పొట్టలో ఎక్కువగా ఉండేవి వేరే వర్గానికి చెందిన ఎంజైములు. ట్రిప్సిన్‌ని ఆపే ప్రొటీన్లు వాటినేమీ చేయలేవు!

పురుగు తెలివికి మూల్యం చెల్లించేది రైతు. పూత, కాయ దశల్లో శనగపచ్చ పురుగు ఉధృతమైతే చేతికొచ్చే కంది పంట గింజల్లేని కాయలుగా మిగులుతుంది. మందు కొడదామంటే దానికీ అలవాటు పడుతుంది. 1987లోనే ఆంధ్రప్రదేశ్ పత్తి చేలల్లో ఈ పురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగలేదు.

అడవి కంది సాయం

అందుకే శాస్త్రవేత్తల చూపు పురుగు పొట్టమీద పడింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కంది గింజల నుంచి, దాని అడవి జాతుల నుంచి నిరోధకాలను వేరుచేసి, శనగపచ్చ పురుగు ఎంజైములమీద పరీక్షించారు. కొన్ని అడవి జాతుల నిరోధకాలు బాగా పనిచేశాయి. వాటిని తిన్న పురుగుల ఎదుగుదల తగ్గింది.

ఎస్.ఆర్. నగర్ నుంచి కూకట్‌పల్లి, మియాపూర్ మీదుగా వెళితే వచ్చే పటాన్‌చెరులో, 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్ ఉంది. అక్కడి జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలున్నాయి. అడవి జాతులూ అందులో ఉన్నాయి. అయితే వాటిలో కొన్ని సాగు కందితో సులువుగా కలవవు. సంకరం చేసినా గింజ ఎదగకుండానే రాలిపోతుంది. అలాంటి ఓ జాతి విషయంలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు లేత పిండాన్ని బయటికి తీసి, ప్రయోగశాలలో పెంచి మొక్కను చేశారు.

ఆ గుణం రైతు విత్తే రకాల్లోకి పూర్తిగా రావాలంటే ఇంకా చాలా పని ఉంది. ఒక్క తాళంతో పురుగు ఆగదు కాబట్టి, రకరకాల నిరోధకాలు కలిసి ఉండాలి. అది కుదిరితే రైతుకు మందు ఖర్చు తగ్గుతుంది. మన కుక్కర్లోకి వచ్చే పప్పు మీదా మందు చల్లాల్సిన అవసరం తగ్గుతుంది.