శుద్ధి ఖర్చు ఎవరి ఖాతాలో? తిరుప్పూర్ అద్దకం పరిశ్రమ చెప్పే పాఠం

పర్యావరణ నిబంధనలు పాటిస్తే పరిశ్రమ లాభం తగ్గుతుందా, పెరుగుతుందా? తమిళనాడులోని తిరుప్పూర్ అనుభవాన్ని పరిశీలిస్తే, సమాధానం అంత సూటిగా ఉండదని అర్థమవుతుంది.

భారతదేశం ఎగుమతి చేసే నూలు అల్లిక దుస్తుల్లో సగానికి పైగా తిరుప్పూర్‌లోనే తయారవుతాయి. నూలు బట్టకు రంగు గట్టిగా పట్టాలంటే పెద్ద మొత్తంలో ఉప్పు వాడాలి. పని ముగిశాక ఆ ఉప్పంతా వ్యర్థజలంలోకి చేరుతుంది. సాధారణ శుద్ధితో రంగును తొలగించవచ్చు గానీ, కరిగిన ఉప్పును తొలగించలేరు. ఏళ్ల తరబడి ఈ నీరు కావేరి ఉపనది అయిన నొయ్యల్‌లో కలిసింది. సేద్యం కోసం నిర్మించిన ఒరత్తుపాళయం జలాశయం వ్యర్థజలాల మడుగుగా మారింది. దిగువ ప్రాంతాల్లో పొలాలు, బావులు ఉప్పుబారాయి.

రైతులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వ్యర్థజలాన్ని చుక్క కూడా బయటకు వదలరాదన్న నిబంధన అమలు కాకపోవడంతో, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్ల మూసివేతకు ఆదేశించింది. వందలాది యూనిట్లు నిలిచిపోయాయి. కార్మికులు ఉపాధి కోల్పోయారు. అద్దకం పనులు ఇతర ప్రాంతాలకు తరలాయి.

ఆ తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలను ఆధునికీకరించి, దశలవారీగా ఉత్పత్తిని పునరుద్ధరించారు. ఈ కేంద్రాల్లో రివర్స్ ఆస్మాసిస్ పొరలు నీటిని వేరు చేస్తాయి. మిగిలిన గాఢమైన ఉప్పునీటిని యంత్రాల్లో మరిగించి ఆవిరి చేస్తారు. నీటిలో అత్యధిక భాగం, దానితోపాటు ఉప్పు కూడా తిరిగి అద్దకానికే ఉపయోగపడతాయి.

జమాఖర్చులు చూస్తే రెండు వైపులా బరువు ఉంది. నీరు, ఉప్పు కొనుగోలు వ్యయం తగ్గింది. నీటి ఎద్దడి వేళ ఉత్పత్తికి భరోసా లభించింది. పర్యావరణ ప్రమాణాలు కోరే విదేశీ కొనుగోలుదారుల వద్ద ఇది అర్హతగా నిలిచింది. మరోవైపు, నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం, విద్యుత్తు భారీగా ఖర్చవుతాయి. ఇంత కఠినమైన నిబంధన లేని చోట్ల అద్దకం చవక. ఆ పోటీని తట్టుకోవడం చిన్న యూనిట్లకు కష్టం. పొడి రూపంలో మిగిలే మిశ్రమ లవణాలను ఎక్కడ ఉంచాలన్న సమస్య కూడా ఉంది.

అయితే శుద్ధి ఖర్చు 2011లో కొత్తగా పుట్టుకొచ్చింది కాదు. అంతకుముందు దానిని నొయ్యల్ దిగువ రైతు తన పంట నష్టం రూపంలో చెల్లించాడు. ఇప్పుడు అది పరిశ్రమ లెక్కల్లోకి వచ్చింది. ఈ భారాన్ని అద్దకందారు ఒక్కడే మోయాలా, దుస్తుల ధరలో కొనుగోలుదారు కూడా పంచుకోవాలా అన్నదే ఇక తేలవలసిన విషయం. నిబంధనలు అన్ని ప్రాంతాల్లో ఒకే తీరుగా అమలైనప్పుడే, వాటిని పాటించిన సంస్థ పోటీలో నష్టపోకుండా ఉంటుంది.