పింగాణీ పళ్ళెం మీద అరబ్బీ అక్షరాలు

చదవడం రాని లిపిని చూస్తే మనకు అక్షరాలు కనిపించవు. గీతలు, వంపులు మాత్రమే కనిపిస్తాయి. నాన్నకో అమ్మకో బదిలీ అయి కొత్త ఊళ్ళో దిగిన రోజు, బస్సు బోర్డు చూసినప్పుడు మనకిది అనుభవమే. సుమారు 400 ఏళ్ళ క్రితం చైనాలో పింగాణీ మీద బొమ్మలు వేసేవారికీ ఇలాగే జరిగింది.

చైనా ఆగ్నేయ తీరంలోని ఫుజియాన్ రాష్ట్రంలో జాంగ్‌జౌ అనే ప్రాంతం ఉంది. 16వ శతాబ్దం చివరి నుండి 17వ శతాబ్దం దాకా అక్కడి బట్టీల్లో కాల్చిన పెద్ద పళ్ళేలు ఓడల మీద ఆగ్నేయాసియా దీవులకు వెళ్ళేవి. సుమత్రా దీవిలోని అచే వంటి రాజ్యాల్లో వాటిని కొనేవారు ముస్లింలు. అందుకే కొన్ని పళ్ళేల మీద ఖురాన్ వాక్యాలు, ప్రార్థనలు అరబ్బీలో రాసేవారు.

కానీ రాసే చేతికి అరబ్బీ రాదు. నమూనా చూస్తూ, బొమ్మ గీసినట్టు కుంచెతో దించాలి. అరబ్బీలో చుక్కలు చాలా ముఖ్యం. గిన్నెలాంటి గీత కింద ఒక చుక్క ఉంటే ‘బ’, అదే గీత పైన రెండు చుక్కలుంటే ‘త’. ఒక్క చుక్క తప్పితే మాటే మారిపోతుంది. అందుకే ఈ పళ్ళేల్లో కొన్నింటి మీది రాతను అరబ్బీ వచ్చినవారు కూడా పూర్తిగా చదవలేరు.

అయినా ఈ వ్యాపారం దశాబ్దాల పాటు సాగింది. గీసినవారికి అది బొమ్మ, కొన్నవారికి ప్రార్థన. కొత్త బడిలో కొత్త అక్షరమాల దిద్దేటప్పుడు ఆ కుంచె పట్టిన చేతుల ఓపికను గుర్తుచేసుకుందాం.