పాత గోడలు చెప్పే సాక్ష్యం

యోషీయా రాజు ఏలుబడిలో 18వ సంవత్సరమది. యెరూషలేము మందిరం శిథిలావస్థలో ఉంది. రాజు దాన్ని బాగుచేయించాలని పూనుకుని వడ్రంగులకు, శిల్పకారులకు, తాపీ పనివారికి డబ్బు ఇప్పించాడు. కలప కొనమన్నాడు, చెక్కిన రాళ్లు తెప్పించమన్నాడు. ఆ మరమ్మతులు జరుగుతున్న రోజుల్లోనే ప్రధాన యాజకుడైన హిల్కీయాకు మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. షాఫాను దాన్ని చదివి వినిపించగా రాజు తన బట్టలు చింపుకున్నాడు. యూదా దేశంలో గొప్ప ఉజ్జీవం అలా మొదలైంది. రాజుల రెండవ గ్రంథం 22వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. ఉజ్జీవం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం కానీ, అది ఒక పాత కట్టడానికి మరమ్మతు చేస్తుండగా వచ్చిందన్న విషయం మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. పాతదాన్ని పడగొట్టి పెద్దది కడదామని యోషీయా అనుకుని ఉంటే, ఆ గ్రంథపు చుట్ట మట్టిపెళ్లలతో పాటు కిద్రోను లోయలోకి వెళ్లిపోయేదేమో! బైబిలు ఆ మాట అనలేదు. కానీ మన ఊళ్లలో జరుగుతున్నది చూస్తుంటే ఆ ఆలోచన రాకమానదు.

ఏం జరుగుతోంది? తెలుగునాట నూరేళ్లు, నూటయాభై ఏళ్లు దాటిన చర్చిలు ఎన్నో ఉన్నాయి. మందపాటి సున్నపు గోడలు, ఎత్తైన పైకప్పు, టేకు దూలాలు, పొడవాటి కిటికీలు. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉండేవి. సంఘం పెరిగింది, చోటు చాలడం లేదు, నిజమే. కానీ చోటు చాలకపోతే మనకు తోచే మొదటి మార్గం, ఒక్కోసారి ఏకైక మార్గం, జేసీబీని పిలవడం. మూడు రోజుల్లో పాత ఆలయం నేలమట్టం. ఆ స్థానంలో శ్లాబు, గాజు అద్దాలు, గ్రానైట్ మెట్లు. ప్రతిష్ఠ రోజున శిలాఫలకం మీద కమిటీ సభ్యుల పేర్లన్నీ ఉంటాయి. పాత గోడకు ఉండిన ఫలకం ఎక్కడికి పోయిందని అడిగితే, ఎవరో బట్టలుతికే బండగా వాడుకుంటున్నారని చెప్పిన ఊరు కూడా మాకు తెలుసు.

ఇంతకూ ఆ గోడల్లో ఏముంది? మెదక్ సంగతి చూద్దాం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890ల చివరలో అక్కడికి వచ్చాడు. 1914లో మొదలైన ఆ మహాదేవాలయ నిర్మాణం పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు దాదాపు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురం ఎత్తు ఇంచుమించు 175 అడుగులు. కొలతలు టూరిస్టు బోర్డు మీద కూడా ఉంటాయి. టూరిస్టులు అంతగా తలచుకోనిది మరొకటుంది. కరువు రోజుల్లో తిండిలేని జనానికి పని కల్పించి, పనికి బదులు ఆహారం పెడుతూ ఆ రాళ్లను ఎత్తించారు. ఆ స్తంభాలు మోసిన వారిలో అత్యధికులు మన తాతముత్తాతలే. రంగురంగుల గాజు కిటికీలు మూడూ ఒకేసారి వచ్చినవి కావు. ఫ్రాంక్ సాల్స్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించిన వాటిలో ఆరోహణ దృశ్యం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ దృశ్యం 1958లో అమర్చారు. అంటే కట్టడం పూర్తయ్యాక కూడా మూడు దశాబ్దాల పాటు సంఘం దాన్ని మెరుగుపరుస్తూనే ఉంది. 2024లో నూరేళ్ల పండుగ జరుపుకున్న ఆ ఆలయాన్ని చూసేందుకు క్రైస్తవులు కానివారు కూడా వేలల్లో వస్తారు.

డోర్నకల్ కథ వేరు. అక్కడి బిషప్ వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, 1912లో బిషప్‌గా అభిషేకం పొందాడు, తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్యే బతికాడు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న, అంటే సరిగ్గా ఎపిఫనీ పండుగ రోజున, ప్రతిష్ఠ అయింది. దాన్ని చూసినవారికి ముందుగా ఆశ్చర్యం కలుగుతుంది. స్తంభాలు గుడి స్తంభాల్లా ఉంటాయి, గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి. క్రీస్తును ఆరాధించడానికి ఇంగ్లాండులోని చర్చి నమూనా తప్పనిసరి కాదని అజరయ్య గారు రాళ్లతో చెప్పిన మాట అది. క్రైస్తవ్యం పరదేశి మతమని ఎవరైనా అంటే మనం పుస్తకాలు వెతుకుతాం. డోర్నకల్ తీసుకెళ్లి చూపిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది! అలాంటి కట్టడానికి ఆధునికత పేరిట ఎనామిల్ రంగులు పూస్తే, ఆ మాటను మనమే చెరిపేసినవాళ్లమవుతాం.

వారసత్వమంటే గోపురాలే అనుకోవద్దు. ఒంగోలులో ఒక చిన్న కొండ ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున దాని మీద అయిదుగురు మోకరించారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యువెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు తెలుగువారని గమనించండి. జ్యువెట్ పేరు మీద ఆలయం ఉంది, మంచిదే. మరి ఆ ముగ్గురి పేర్లు మన సండే స్కూల్ పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ ప్రార్థనకు జవాబుగా పుష్కరం తర్వాత, 1866లో, జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలుపనివాడు విశ్వాసంలోకి వచ్చి, ఊరూరా తిరిగి తనవారికి సువార్త చెప్పాడు. 1876–78 మధ్య దక్షిణాదిని దారుణమైన కరువు కాల్చేసింది. అప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇప్పించాడు. పని దొరికిందన్న కారణంతో మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ సహాయ పనులు జరిగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు పాదిరులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున. క్లౌ నీళ్లలోకి దిగలేదు. ఆ రేవుకు గోపురం లేదు, రంగుటద్దాలు లేవు. ఆ కాలువ గట్టుకూ లేవు. అయినా మన సంఘ చరిత్రలో వాటి స్థానం ఏ కెథెడ్రల్‌కూ తీసిపోదు.

ఇంకా ఎన్నని చెప్పం! బందరులోని డచ్చివారి సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. భీమిలిలోనూ డచ్చి సమాధులున్నాయి. గుత్తి కోట కింది శ్మశానంలో 1827లో సర్ థామస్ మన్రోను మొదట పాతిపెట్టారు. తర్వాతే మద్రాసుకు తరలించారు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. గుంటూరులో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన 1842 జూలై 31ని లూథరన్లు మరచిపోరు.

విశ్వాసులు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. దేవుడు చేతిపనియైన ఆలయాల్లో నివసించడని స్తెఫను సన్హెద్రిను ముందు చెప్పాడు కదా, మనకెందుకీ రాళ్ల మీద మమకారం? పైగా హిజ్కియా మోషే చేసిన ఇత్తడి సర్పాన్నే పగలగొట్టాడు. వందల ఏళ్ల నాటి వారసత్వ వస్తువు! అది నిజంగా దేవుని కార్యానికి గుర్తే, కానీ జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. కాబట్టి పగలగొట్టడమే సరైనది. ఈ హెచ్చరికను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. మిషనరీ ఫోటోకు దండలు వేసి, ఆయన నేర్పిన వాక్యాన్ని వదిలేసిన సంఘాలున్నాయి. అయితే అదే దేవుడు యొర్దాను నడిమధ్య నుంచి పన్నెండు రాళ్లు తెప్పించి గిల్గాలులో నిలబెట్టించాడు. పిల్లలు అడగాలి, తండ్రులు చెప్పాలి, అందుకోసం. సర్పానికీ ఆ రాళ్లకూ తేడా ఇక్కడే ఉంది. ఒకదాని ముందు జనం వంగారు, రెండోదాని గురించి పిల్లలు ప్రశ్నించారు. మన పాత చర్చి గురించి మన పిల్లలు ప్రశ్నలడిగే స్థితిలో ఉందా, లేక వాళ్లు చూడకముందే మాయమైందా అన్నది తేల్చుకోవాలి.

ఇక పని సంగతి. పాత గోడలకు నిజమైన శత్రువులు పైకప్పు కారడం, గోడల్లో మొలిచే రావి మొక్కలు, మూడోది మన సిమెంటు. పాత కట్టడాలు డంగుసున్నంతో కట్టినవి. ఆ గోడ నేల నుంచి తేమ పీల్చి, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుపోయి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. రెండేళ్లకు గోడ పాడైందని చెప్పి, అదే కారణంగా చర్చినంతా పడగొడతారు. కాబట్టి మేస్త్రీని పిలిచే ముందు సున్నం పని తెలిసినవాడేనా అని అడగండి. చోటు చాలకపోతే పాతదాని పక్కన కొత్తది కట్టి, పాతదాన్ని ప్రార్థన మందిరంగానో సండే స్కూల్‌గానో ఉంచుకున్న సంఘాలు తెలివైనవి.

ప్రభుత్వం వారసత్వ జాబితాలో చేరిస్తే ఆరాధన ఆగిపోతుందేమో, ఆస్తి పోతుందేమో అన్న భయం కొందరికి ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని కట్టడం పురాతన కట్టడం కింద పరిగణనకు వస్తుంది. రక్షిత కట్టడం ఆరాధనా స్థలమైతే దాని స్వభావానికి విరుద్ధంగా వాడరాదని కూడా ఆ చట్టం చెబుతోంది. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. నిబంధనల వల్ల ఇబ్బందులు లేవని కాదు. చుట్టుపక్కల కట్టుకోవడానికి అనుమతులు కావాలి. సంతకం పెట్టే ముందు లాయరును అడగడం మంచిది, భయపడి పారిపోవడం మంచిది కాదు.

డబ్బు మాటకొస్తే యోవాషు రాజు కాలంలో కూడా ఇదే తంటా. మందిరం బాగుకోసం యాజకులు కానుకలు తీసుకుంటూనే ఉన్నారు, 23వ ఏడు వచ్చినా ఒక్క బీట కూడా పూడ్చలేదు. చివరికి యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేసి, బలిపీఠం పక్కన పెట్టించాల్సి వచ్చింది. వివరించనక్కరలేదు, బిల్డింగ్ ఫండ్ అన్న మాట విన్న ప్రతివారికీ అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముందుగా చేయవలసిన పని, ఖర్చు లేని పని, ఒకటుంది. మీ చర్చి బీరువా తెరవండి. అందులో బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు ఉంటాయి. మిషనరీల ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లోనూ అట్లాంటాలోనూ భద్రంగా ఉన్నాయి, బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీలోనూ కొన్ని ఉన్నాయి. కానీ మీ ముత్తాత ఏ ఊరివాడు, ఏ పని చేసేవాడు, ఏ పాదిరి చేతుల మీదుగా ఏ తేదీన బాప్తిస్మం తీసుకున్నాడు అన్నది ఆ రిజిస్టరులో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చు. దాన్ని చెదలు తింటోంది. యవ్వనస్థులు ఒక శనివారం కూర్చుని ప్రతి పేజీనీ వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీసి, రెండు మూడు చోట్ల దాచాలి. లామినేషన్ చేయించవద్దు, కాగితం లోపలే పాడవుతుంది. సెల్లోటేపు వద్దు. తడి తగలని పెట్టెలో, నేలకు ఎత్తుగా, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. అక్షరాలు చదవలేకపోతే సంఘంలోని ఎనభై ఏళ్ల అవ్వను పక్కన కూర్చోబెట్టుకోండి. పేరు వినగానే ఆమె ఇల్లెక్కడో కూడా చెబుతుంది.